స్లాబ్ పడ్డాకే పేచీ ఎందుకు మొదలవుతుంది?

సొంతిల్లు కట్టుకున్నవాళ్లను ఎవరిని కదిలించినా కాంట్రాక్టర్ గురించి ఒక కథ చెబుతారు. కాంట్రాక్టర్లను కదిలిస్తే ఓనర్ల గురించి నాలుగు చెబుతారు. స్లాబ్ పడగానే ఫోన్ ఎత్తడం మానేశాడని వీళ్లు, గృహప్రవేశం అయ్యాక ఆఖరి బిల్లు ఎగ్గొట్టారని వాళ్లు. ముంచాలనే ఉద్దేశంతోనే వచ్చే ఘనులు రెండు వైపులా ఉన్నారు, కాదనలేం. అయితే కాలనీల్లో జరిగే గొడవలను కాస్త దగ్గరగా చూస్తే, చాలావాటిలో ఇద్దరూ మొదట మంచిగానే ఉంటారు. శంకుస్థాపన రోజు కలిసి కొబ్బరికాయ కొట్టి, కలిసి భోంచేసినవాళ్లే ఏడాది తిరిగేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. మనుషుల బుద్ధి చెడే ముందే చెడేది ఒకటుంది: ఏ దశలో ఎంత ఇవ్వాలని రాసుకున్నారో ఆ లెక్క.

ఇక్కడ మాట్లాడుతున్నది సొంత స్థలంలో మేస్త్రీకో కాంట్రాక్టర్‌కో అప్పజెప్పి కట్టించుకునే ఇళ్ల గురించి. అమ్మకానికి కట్టే అపార్ట్‌మెంట్లకైతే రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ఉంది. 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా బిల్డర్ రిజిస్టర్ చేయించుకోవాలి, ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉంటుంది. రెండు వందల గజాల ప్లాటులో మనకోసం మనం కట్టించుకునే ఇంటికి అది వర్తించదు. అక్కడ ఉండేదల్లా ఓ స్టాంపు పేపరు, అది కూడా ఉంటే.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. 1,200 చదరపు అడుగుల ఇల్లు, మెటీరియల్‌తో సహా అడుగుకు రూ.1,900. మొత్తం రూ.22,80,000. కాంట్రాక్టర్‌కు నిజంగా అయ్యే ఖర్చు రూ.20,50,000 అనుకుందాం. అంటే అతనికి మిగిలేది రూ.2,30,000. చెల్లింపులు ఇలా రాసుకున్నారు: అగ్రిమెంట్ రోజు 10 శాతం, బేస్‌మెంట్ అయ్యాక 20, స్లాబ్ వేశాక 30, గోడలకు 15, ప్లాస్టరింగ్‌కు 15, టైల్స్, రంగులు అన్నీ అయ్యాక చివరి 10. చూడటానికి బాగానే ఉంది. చాలా అగ్రిమెంట్లు కాస్త అటూఇటూగా ఇలాగే ఉంటాయి.

స్లాబ్ పడేసరికి కాంట్రాక్టర్ చేతికి 60 శాతం, అంటే రూ.13,68,000 వచ్చింది. అప్పటికి అతనికి అయిన ఖర్చు రూ.11 లక్షలు అనుకుంటే చేతిలో రూ.2,68,000 మిగులు. ఇంటి మొత్తం మీద రావాల్సిన లాభం కన్నా అది ఎక్కువ. ఇక ముందు రావాల్సింది రూ.9,12,000, పెట్టాల్సిన ఖర్చు రూ.9,50,000. కాగితం మీద చూస్తే సమస్యే లేదు, మిగిలిన రెండున్నర లక్షల పైచిలుకును పక్కన పెట్టుకుని ఉంటే సరిపోతుంది. కానీ ఆ డబ్బు పక్కన ఉండదు. ఇంకో సైట్‌లో ఐరన్ బాకీ కిందో, అక్కడి లేబర్ కిందో ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. దీన్నే ఈ వ్యాపారంలో రొటేషన్ అంటారు. నాలుగు సైట్లు నడిపే కాంట్రాక్టర్ కొత్త ఇంటి అడ్వాన్సుతో పాత ఇంటి పని నెట్టుకొస్తాడు. కొత్త పనులు వస్తున్నంతకాలం ఎవరికీ తెలియదు. ఒక్క నెల కొత్త అడ్వాన్స్ రాకపోతే నాలుగు సైట్లలోనూ ఒకేసారి పని ఆగుతుంది.

అందుకే స్లాబ్ తర్వాత పని నెమ్మదిస్తుంది. ఆ దశ నుంచి కాంట్రాక్టర్ చేసే ప్రతి పనీ జేబులోంచి పెట్టి చేస్తున్నట్టే అనిపిస్తుంది. పైగా మిగిలినదంతా చిల్లర పని. కరెంటు, ప్లంబింగ్, పుట్టీ, తలుపులు, టైల్స్... మనుషులు ఎక్కువ, కనిపించేది తక్కువ. ఓనర్‌కు రోజూ ఫోన్ చేయక తప్పదు, అతనికి ఎత్తబుద్ధి కాదు. "రేపు మనుషుల్ని పంపిస్తా సార్" అనే మాట ఎన్ని నెలలైనా అలాగే ఉంటుంది.

ఇక ఇదే లెక్కను తిరగేసి ఓనర్ చివర్లో 25, 30 శాతం పట్టుకున్నాడనుకోండి. అప్పుడు నలిగేది కాంట్రాక్టర్. అతనికి శనివారమో ఆదివారమో కూలి బట్వాడా ఉంటుంది. తాపీ మేస్త్రీలు, కూలీలు, సెంట్రింగ్ వాళ్లు, రాడ్ బెండింగ్ వాళ్లు వారం వారం లెక్క చూసుకుంటారు. "ఓనర్ ఇంకా ఇవ్వలేదు" అంటే ఒక వారం వింటారు, రెండో వారం వేరే సైట్‌కు పోతారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చి రేకుల షెడ్డులో ఉంటున్నవాళ్లకు ఎవరి అగ్రిమెంట్లో ఎన్ని శాతాలున్నాయో అనవసరం. ఓనర్‌కు కనిపించేది మాత్రం "డబ్బులిచ్చినా పనివాళ్లు రావట్లేదు" అన్నదే. ఈ గొలుసులో కింది చివర ఉన్నవాళ్ల బాకీ గురించి ఏ పంచాయితీలోనూ మాట రాదు. నా లెక్కలో ఓనరు, కాంట్రాక్టరు కొట్టుకునే ప్రతి గొడవలోనూ అసలు నష్టపోయేది ఆ మూడో మనిషే.

బ్యాంకు లోను ఉంటే ఇంకో చిక్కు. బ్యాంకు తన ఇంజనీరు చూసి వెళ్లాక, తన దశల ప్రకారం, అదీ ముందు ఓనర్ సొంత వాటా ఖర్చయ్యాకే డబ్బు విడుదల చేస్తుంది. కాంట్రాక్టర్ దశలు వేరు. స్లాబుకు ముందు ఐరన్, సిమెంట్ కొనాలి కాబట్టి డబ్బు ముందు కావాలంటాడు అతను. స్లాబ్ పడ్డాకే ఇస్తామంటుంది బ్యాంకు. మధ్యలో ఓనర్ బంగారం తాకట్టు పెట్టి తెచ్చి ఇస్తాడు. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లకూ ఇదే తీరు. ప్రభుత్వం ప్రకటించిన లెక్క ప్రకారం రూ.5 లక్షల్లో బేస్‌మెంట్ అయ్యాక లక్ష, గోడలు లేచాక లక్షా పాతిక వేలు, స్లాబుకు లక్షా డెబ్బై ఐదు వేలు, అంతా పూర్తయ్యాక మిగిలిన లక్ష. ప్రతి విడతా పని అయ్యాకే వస్తుంది. మరి పునాది తవ్వే రోజు మేస్త్రీకి ఎవరివ్వాలి? పేద ఇంటికైతే ఆ మొదటి లక్షకే వడ్డీకి తేవాల్సి వస్తుంది, లేదా మేస్త్రీ అరువు మీద మొదలుపెట్టాలి. అరువు మీద మొదలైన పనికి రేటు ఎక్కువ పడుతుందని వేరే చెప్పనక్కర్లేదు.

అడుగంటే ఎక్కడి నుంచి ఎక్కడికి?

రేటు గురించి గంటలు గంటలు బేరమాడతారు. అడుగుకు యాభై తగ్గించినందుకు సంతోషపడతారు. ఏ అడుగు అన్నది మాత్రం ఎవరూ అడగరు. పైన చెప్పిన ఇంటినే తీసుకుందాం. గోడల బయటి కొలత 30 అడుగులు, 40 అడుగులు. 1,200 చదరపు అడుగులు. కానీ స్లాబ్ ముందు రెండడుగులు, వెనక రెండడుగులు బయటికి వచ్చింది. స్లాబ్ కొలత 30, 44, అంటే 1,320. ఓనర్ మనసులో ఉన్నది గోడల కొలత, కాంట్రాక్టర్ మనసులో ఉన్నది స్లాబ్ కొలత. తేడా 120 అడుగులు, రూ.1,900 చొప్పున రూ.2,28,000. కాంట్రాక్టర్ మొత్తం లాభం ఎంతో, దాదాపు అంత. ఇద్దరూ అబద్ధం ఆడలేదు, ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టారు, అయినా రెండు లక్షల పైన తేడా వచ్చి కూర్చుంది.

ఇది బయటపడేదీ చివరి బిల్లులోనే. మెట్లు లెక్కలోకి వస్తాయా, హెడ్‌రూమ్ వస్తుందా, పోర్టికోకు సగం రేటా పూర్తి రేటా, పిట్టగోడ కలిపా విడిగానా, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు ఎవరివి? అనుభవం ఉన్న కాంట్రాక్టర్‌కు ఇవన్నీ మొదటి రోజే తెలుసు. అడగలేదు కాబట్టి చెప్పడు. చెప్పి ఉంటే పక్క కాంట్రాక్టర్ యాభై తక్కువ చెప్పి పని ఎగరేసుకుపోయేవాడు. ఇందులో మోసం ఎంత, పోటీ ఎంత అన్నది తేల్చడం కష్టమే.

ప్లాస్టరింగ్, రంగుల లేబర్ కాంట్రాక్టుల్లో ఇంకో పాత తగాదా ఉంది: గోడ కొలిచేటప్పుడు తలుపులు, కిటికీల ఖాళీ తీసేయాలా వద్దా? "అక్కడ గోడే లేదు, డబ్బులెందుకు" అంటాడు ఓనర్. "అంచులు తీర్చడానికే గోడంత టైం పడుతుంది, మొత్తం కొలవాల్సిందే" అంటాడు మేస్త్రీ. నిజానికి దీనికి ఒక పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. భవన పనుల కొలతలకు భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 1200 ప్రకారం, గోడకు రెండు వైపులా ప్లాస్టరింగ్ చేస్తే, అర చదరపు మీటరు లోపు ఖాళీకి ఏమీ తీసేయరు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఉంటే ఒక వైపు మాత్రమే తీసేస్తారు, రెండో వైపును అంచుల పని కింద వదిలేస్తారు. అంటే రెండడుగుల వెంటిలేటర్ అలాగే లెక్కలో ఉంటుంది. నాలుగు అడుగుల చదరపు కిటికీ (16 చదరపు అడుగులు, దాదాపు ఒకటిన్నర చదరపు మీటర్లు) ఒక వైపు పోతుంది, ఒక వైపు ఉంటుంది. ఇద్దరి వాదనలోనూ సగం సగం న్యాయం ఉందని ఆ పద్ధతి రాసినవాళ్లు ఎప్పుడో గుర్తించారు. "కొలతలు ఐఎస్ 1200 ప్రకారం" అని అగ్రిమెంట్లో ఒక్క లైను ఉంటే ఈ గొడవే రాదు. ఆ లైను ఉండే అగ్రిమెంట్ మాత్రం అరుదు.

ప్రభుత్వ పనుల్లో కాంట్రాక్టర్ల గోడు వేరే రకం. అక్కడ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) కొలతలు తీసి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో ఎక్కిస్తాడు, పై అధికారి సరిచూస్తాడు, కప్పెట్టేసే పనిని కప్పకముందే కొలుస్తారు. కాబట్టి ఎంత అన్నదాని మీద తగాదా తక్కువ, ఎప్పుడిస్తారన్నదే తగాదా. తెలంగాణలో మన ఊరు–మన బడి కింద బడులు బాగుచేసిన చిన్న కాంట్రాక్టర్లు బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది అందుకే. సొంతింటి పనిలో దీనికి సరిగ్గా తిరగబడ్డ పరిస్థితి. డబ్బు ఓనర్ దగ్గర ఉండొచ్చు, కానీ ఎంత ఇవ్వాలో రాసిన పుస్తకమే ఉండదు. ముప్పై రూపాయల లాంగ్ నోట్‌బుక్ కొని, ప్రతి వారం జరిగిన పని, ఇచ్చిన డబ్బు, కొత్తగా చెప్పిన పని రాసి ఇద్దరూ సంతకం పెట్టుకుంటే అదే ఎం-బుక్. నమ్మకం లేనట్టు ఉంటుందని మొహమాటపడతారు. ఆ మొహమాటం ఖరీదు చివర్లో తెలుస్తుంది.

"ఆ గోడ కొంచెం జరుపు" అన్న రోజు

ఎక్స్‌ట్రా పని అనేది ఎప్పుడూ పెద్దదిగా మొదలవదు. ఇంటావిడ వచ్చి వంటగదిలో ఇంకో షెల్ఫ్ అంటుంది. వాస్తు చెప్పేవాడు వచ్చి మెట్లు ఇటు కాదు అటు అంటాడు. కట్టిన గోడ పడగొట్టి మళ్లీ కడతారు. "సరే సార్, చూసుకుందాం లెండి" అంటాడు కాంట్రాక్టర్. ఆ మాటను ఓనర్ ఉచితం అనుకుంటాడు, కాంట్రాక్టర్ తర్వాత బిల్లులో వేద్దామనుకుంటాడు. అలాంటివి పదో పన్నెండో పోగై చివర్లో లక్షో, లక్షన్నరో అయి కూర్చుంటాయి.

చట్టం ఇక్కడ ఎటు మొగ్గుతుందో చాలామంది ఓనర్లకు తెలియదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేయాలనే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని ఫలితాన్ని మరొకరు అనుభవిస్తే, దానికి తగ్గ ప్రతిఫలం ఇవ్వాల్సిందే. రాతపూర్వక ఒప్పందం లేదన్నది ఓనర్‌కు సాకు కాదు. అలాగని అడిగినంతా ఇవ్వాలనీ లేదు. ఆ పని జరిగిందనీ, ఓనర్ చెబితేనే చేశాననీ కాంట్రాక్టర్ రుజువు చేసుకోవాలి. "గోడ జరపండి" అని ఓనర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్ అక్కడ ప్రాణం పోస్తుంది. కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, కాబట్టి ఫోన్ మార్చినప్పుడు పాత చాట్‌లు పోగొట్టుకోకూడదు.

ధరలు పెరిగితే ఎవరు భరించాలన్నది ఇంకో రాయని విషయం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరక్క నెలల తరబడి పనులు ఆగిపోయాయి. 2022 మొదట్లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ఐరన్ ధర ఎగబాకి, ఆ మే నెలలో కేంద్రం ఉక్కు ఎగుమతుల మీద సుంకం వేసేదాకా వెళ్లింది. అంతకుముందే అడుగు రేటుకు ఒప్పుకున్న కాంట్రాక్టర్లకు రెండే దారులు: నష్టానికి కట్టడం, లేదా సగంలో వదిలేయడం. మూడోది కూడా ఉంది, ఎవరికీ చెప్పకుండా ఐరన్, సిమెంట్ తగ్గించడం. ధర తగ్గినప్పుడు ఏ కాంట్రాక్టరూ రేటు తగ్గించడు కదా అని ఓనర్లు అంటారు. ఆ మాటా న్యాయమే. సిమెంట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అప్పటికే నడుస్తున్న ఇళ్లలో ఎంతమంది ఓనర్లకు దాని ఫలం అందిందో వాళ్లే చెప్పాలి. ఐరన్, సిమెంట్‌లకు ఒక మూల ధర రాసుకుని, ఫలానా శాతం దాటి పెరిగినా తగ్గినా తేడాను సర్దుకుందామని రాసుకోవడం ఒక్కటే దీనికి దారి. లేదంటే ఐరన్, సిమెంట్ ఓనరే కొనివ్వాలి.

బంధువుకు పని ఇస్తే ఇవేవీ రాయడానికే కుదరదు. అమెరికాలో ఉండే కొడుకు డబ్బు పంపుతుంటాడు, ఊళ్లో నాన్న చూసుకుంటుంటాడు, కట్టేది వేలు విడిచిన మేనమామ. కొలతల మాట ఎత్తితే చుట్టరికం చెడుతుంది, ఎత్తకపోతే డబ్బు పోతుంది. చాలా ఇళ్లలో చివరికి రెండూ పోతాయి.

చట్టం తలుపు తడితే

గొడవ ముదిరాక ముందు వెళ్లేది పోలీస్ స్టేషన్‌కే. అక్కడ ఎక్కువగా వినపడేది "ఇది సివిల్ మ్యాటర్" అన్న మాట. విసుగు తెప్పించినా ఆ మాటలో తప్పేం లేదు. చీటింగ్ కేసు నిలవాలంటే మొదటి రోజు నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. సగం ఇల్లు కట్టి ఆపేసినవాడి మీద అది చూపించడం కష్టం. సుప్రీంకోర్టు కూడా సివిల్ తగాదాలను క్రిమినల్ కేసులుగా మార్చడాన్ని పదేపదే తప్పుపట్టింది.

ఓనర్‌కు ఉన్న మంచి దారి వినియోగదారుల కమిషన్. ఇంటి నిర్మాణం సేవ కిందికే వస్తుంది, 2019 చట్టంలో ఆ మాట స్పష్టంగానే ఉంది. చెల్లించిన మొత్తం రూ.50 లక్షల వరకు జిల్లా కమిషన్ చూస్తుంది. ఫిర్యాదు రుసుము రూ.5 లక్షల వరకు ఏమీ లేదు, రూ.20 లక్షల నుంచి 50 లక్షల మధ్య అయినా వెయ్యి రూపాయలే. తను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వెళ్లాలి. ముందు మాట్లాడి చూడాలంటే 1915 హెల్ప్‌లైన్ ఉంది. కేసు బలం మాత్రం పగుళ్ల ఫోటోల్లో కన్నా ఇంజనీర్ రిపోర్టులో ఉంటుంది. మిగిలిపోయిన పని ఎంత, నాసిరకం ఎంత, సరిచేయడానికి ఎంతవుతుందో వేరే ఇంజనీరు చేత రాయించుకున్నాకే ఇంకో మేస్త్రీ చేత పని మొదలుపెట్టించాలి. ఆత్రపడి ముందే పూర్తి చేయించేస్తే పాత కాంట్రాక్టర్ చేసిందేమిటో చూపించడానికి ఏమీ మిగలదు.

కాంట్రాక్టర్‌కు ఆ తలుపు లేదు. వినియోగదారుల కమిషన్ వినియోగదారుడికే. అతను సివిల్ కోర్టుకు వెళ్లాలి. చెల్లింపు గడువు రాసుకోకపోతే పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. పది లక్షల ఇంట్లో లక్ష బాకీ కోసం కోర్టు ఫీజు కట్టి, ఏళ్లు తిరిగే చిన్న మేస్త్రీ ఎవరుంటారు? ఓనర్లలో కొందరికి ఈ సంగతి బాగా తెలుసు, చివరి బిల్లు దగ్గర ధీమా అక్కడి నుంచే వస్తుంది. కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో రిజిస్టర్ అయిన చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలనే ఎంఎస్ఎంఈ చట్టం ఉన్నా, నిర్మాణ కాంట్రాక్టులకు అది ఎంతవరకు వర్తిస్తుందన్నదానిపై కోర్టులు ఒక్క మాట మీద లేవు. చెక్కు తీసుకుని ఉంటే పరిస్థితి కాస్త నయం. బౌన్స్ అయినట్టు తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే ఆ తర్వాతి నెలలోపు కేసు వేయొచ్చు. ఇద్దరికీ చవకైనది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు, ఫీజు లేదు, రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు ఇస్తే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఎదుటివాడు రావాలంతే.

నగదు లావాదేవీలు ఈ దారులన్నిటినీ మూసేస్తాయి. "వైట్‌లో ఇస్తే జీఎస్టీ పడుతుంది సార్" అని కాంట్రాక్టర్, తన దగ్గరున్న నగదు అలా ఖర్చయితే మంచిదే కదా అని ఓనర్. నిజానికి ఒక్క సొంతింటికి కేవలం లేబర్ మాత్రమే తీసుకునే కాంట్రాక్టుకు జీఎస్టీ మినహాయింపు ఉంది. మెటీరియల్‌తో సహా అయితేనే 18 శాతం. మరోవైపు, ఒకే లావాదేవీకి రూ.2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం అంత మొత్తమూ తీసుకున్నవాడికే పెనాల్టీ పడొచ్చు. అందుకే గొడవ వచ్చాక కాంట్రాక్టర్ తీసుకున్నదంతా ఒప్పుకోడు, ఓనర్ ఇచ్చినదంతా చూపించలేడు. పన్నెండు లక్షలిచ్చానని ఒకరు, తొమ్మిదే అందాయని ఒకరు.

శాతాలు ఎలా ఉంటే ఇద్దరూ నిలబడతారన్నదానికి ఒకే జవాబు లేదు గానీ, పెద్ద విడతలను ముక్కలు చేయడం మాత్రం పనికొస్తుంది. స్లాబుకు 30 శాతం ఒకేసారి ఇచ్చే బదులు, ఐరన్ సైట్‌లో దిగినప్పుడు కొంత, సెంట్రింగ్ పూర్తయ్యాక కొంత, కాంక్రీట్ వేశాక కొంత ఇస్తే ఎవరి డబ్బూ ఎవరి దగ్గరా ఎక్కువ రోజులు ఇరుక్కోదు. ప్లాస్టరింగ్ తర్వాతి పనులకు 10 శాతం బదులు 25 దాకా మిగలాలి, అందులో టైల్స్‌కు వేరు, కరెంటుకు వేరు, రంగులకు వేరు. చివరికి ఓ మూడు, నాలుగు శాతం ఒక వానాకాలం దాటేదాకా ఆపుకోవడం ఓనర్ కోణంలో న్యాయమే, స్లాబ్ కారుతుందో లేదో వాన పడితేనే తెలుస్తుంది. కాంట్రాక్టర్లు దీనికి ససేమిరా అంటారు, ఆపుకున్న డబ్బు తిరిగి రాదని వాళ్ల అనుభవం. చెక్కు రాసిస్తానంటే సరే అనేవాళ్లున్నారు. అయితే చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలలే అది చెల్లుతుంది. ఫిబ్రవరిలో ఇల్లు పూర్తయితే ఆ రోజు తేదీతో రాసిన చెక్కు మే నెలతోనే పోతుంది, వానలు జూన్‌లో గానీ రావు. తేదీ అక్టోబరుది వేసి, ఏ లీకేజీలు సరిచేస్తే అది చెల్లుతుందో నోట్‌బుక్‌లో రాసి, ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి.